ఇంటి పనుల్లో ఫోమ్ ఇన్సులేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోమ్ సంగతి అడిగేవాళ్లు దాదాపు అందరూ "ఏ పలక మంచిది?" అనే మొదలుపెడతారు. పలక ఎంపిక తర్వాతి మాట. గాలి ఏ సందులోంచి దూరుతోంది, చెమ్మ ఎక్కడ పుడుతోంది అన్నవి తేల్చుకోకుండా ఫోమ్ కొనేస్తే, ఎంత మంచి పలకైనా సగం పనే చేస్తుంది. నేను సొంతంగా చేసిన పనుల్లోనూ, దగ్గరుండి చేయించిన పనుల్లోనూ ఎక్కువ తిప్పలు అతుకుల దగ్గరే వచ్చాయి. అందుకే కింది జవాబుల్లో అతుకుల మాట పదేపదే వస్తుంది.

అసలు ఫోమ్ వేడిని ఎలా ఆపుతుంది?

ఆపేది ప్లాస్టిక్ కాదు, అందులో చిక్కుకున్న గాలి. థర్మోకోల్ పలకలో దాదాపు 98 శాతం గాలే ఉంటుంది. కదిలే గాలి వేడిని మోసుకుపోతుంది. అదే గాలిని చిన్న చిన్న గదుల్లో బంధిస్తే కదలలేదు కాబట్టి వేడి చాలా మెల్లగా దాటుతుంది. అంకెల్లో చెప్పాలంటే, ఇటుక గోడ ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు సుమారు 0.7 నుంచి 0.8 వాట్లు. ఫోమ్ పలకలది రకాన్ని బట్టి 0.022 నుంచి 0.038 దాకా ఉంటుంది. ఈ అంకె ఎంత తక్కువైతే అంత మేలు.

ఒక సంగతి మొదటే గుర్తుంచుకోవాలి. ఫోమ్ చల్లదనాన్నీ పుట్టించదు, వెచ్చదనాన్నీ పుట్టించదు. వేడి ప్రయాణాన్ని మందగింపజేస్తుంది, అంతే. కిటికీలోంచి నేరుగా ఎండ పడే గదికి గోడల నిండా ఫోమ్ వేసినా, లోపలికి వచ్చిన వేడి లోపలే నిలుస్తుంది. అక్కడ ముందు ఎండకు నీడ కల్పించాలి.

ఎన్ని రకాలున్నాయి? ఏది ఎక్కడ వాడాలి?

ఇంటి పనుల్లో ఎదురయ్యేవి ముఖ్యంగా నాలుగు. మొదటిది ఈపీఎస్, అంటే మనం థర్మోకోల్ అని పిలిచే పూసల పలక. ప్యాకింగ్‌కు వాడే తేలిక థర్మోకోల్, కట్టడాలకు వాడే చిక్కటి థర్మోకోల్ ఒకటి కావు. గోడకు, పైకప్పుకు రెండోదే కావాలి. వేలితో నొక్కితే పూసలు ఊడివచ్చే పలకను గోడకు వాడకండి.

రెండోది ఎక్స్‌పీఎస్. విరిచి చూస్తే పూసలు కనబడవు, బ్రెడ్డు ముక్కలా ఒకే తీరుగా ఉంటుంది. సాధారణంగా లేత నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో వస్తుంది. నీటిని చాలా తక్కువ పీల్చుకుంటుంది, బరువును బాగా తట్టుకుంటుంది. నేల కింద, డాబా మీద, పునాది గోడ పక్కన నేను ఇంకే పలకనూ వాడను.

మూడోది పీఐఆర్, పాలియురేథేన్ అనే ప్లాస్టిక్ కుటుంబపు పలక. రెండువైపులా రేకు అతికించి ఉంటుంది. మిగతా పలకలకన్నా తక్కువ మందంలో ఎక్కువ పని చేస్తుంది కాబట్టి గది వైశాల్యం తగ్గకూడదనుకునే చోట ఇదే సరైనది. గడ్డకట్టే చలిలో మాత్రం దీని సామర్థ్యం కొంత తగ్గుతుంది. అంచులు తడిస్తే నీరు పీల్చుకుంటుంది. నిలవ నీరు తగిలే చోట పెట్టకూడదు.

నాలుగోది అక్కడికక్కడే చిమ్మి ఉబ్బించే స్ప్రే ఫోమ్. ఫోమ్ లోపలి గాలి గదులు మూసుకుని ఉన్నాయా, తెరిచి ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఇందులో రెండు రకాలు. మూసిన గదుల రకం గట్టిగా ఉండి తేమను అడ్డుకుంటుంది. తెరిచిన గదుల రకం స్పాంజిలా మెత్తగా ఉంటుంది, నీటి ఆవిరిని తనలోంచి పోనిస్తుంది. చేతి డబ్బాలో దొరికే సందులు పూడ్చే ఫోమ్ కూడా పాలియురేథేనే. కానీ దాని పని వేరు, దాని గురించి కింద విడిగా రాశాను.

ఎంత మందం వేస్తే చాలు?

ఎంత మందమైతే అంత మంచిదనే మాట నిజమే కానీ, ప్రతి పొరకూ ప్రతిఫలం తగ్గుతూ పోతుంది. 230 మిల్లీమీటర్ల ఇటుక గోడకు ఎక్స్‌పీఎస్ పలక వేస్తే ఏమవుతుందో లెక్క కట్టి చూశాను. 25 మి.మీ. పలకతో గోడ దాటే వేడి సుమారు 62 శాతం తగ్గుతుంది. 50 మి.మీ. వేస్తే 77 శాతం, 75 మి.మీ. వేస్తే 83, 100 మి.మీ. వేస్తే 87. మొదటి అంగుళమే సింహభాగం పని చేసేస్తోందని చూడగానే అర్థమవుతుంది.

అందుకని ఒకే గోడకు 100 మి.మీ. వేసి మిగతా మూడు గోడలను వదిలేయడంకన్నా, ఎండా గాలీ తగిలే అన్ని వైపులా 50 మి.మీ. వేయడం చాలా మేలు. పైకప్పుకు మాత్రం మందం విషయంలో వెనకాడవద్దు. రోజంతా ఎండను నెత్తిన మోసేది అదే. చలి ప్రాంతాల్లో వెచ్చటి గాలి పైకి చేరేదీ అక్కడికే. మీ ఊళ్లో భవన నిబంధనలు కనీస మందాన్ని చెబితే అంతకు తగ్గకూడదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

అగరుబత్తితో. గాలి బాగా వీచే రోజున తలుపులు, కిటికీలు మూసి, వంటగదిలోనో స్నానాల గదిలోనో గాలిని బయటికి తోసే ఫ్యాను వేసి, వెలిగించిన అగరుబత్తిని కిటికీ చట్రాల వెంట, తలుపుల కింద, గొట్టాలు గోడ దాటే చోట, స్విచ్ బోర్డుల దగ్గర నెమ్మదిగా తిప్పండి. పరదాలకు, ఫోమ్‌కు, స్ప్రే డబ్బాలకు అగరుబత్తిని దూరంగా ఉంచాలని వేరే చెప్పనక్కర్లేదు. పొగ నిటారుగా లేస్తే అక్కడ ఇబ్బంది లేదు. వణికినా, ఒక పక్కకు వాలినా అక్కడ సందు ఉన్నట్టే. సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోవాలి.

మొదటిసారి ఇలా చూసినప్పుడు నేను కిటికీలనే అనుమానించాను. పొగ గట్టిగా వాలింది మాత్రం కుళాయి గొట్టం గోడలోకి పోయే చోట. గొట్టం చుట్టూ ఉన్న అలంకారపు వలయాన్ని కిందికి జరిపితే, వెనక నా బొటనవేలు దూరేంత కంత కనిపించింది. పైకి నున్నటి గోడ, లోపల కంత. ఇలాంటివన్నీ పూడ్చాకే పలకల జోలికి వెళ్లండి.

డబ్బా ఫోమ్‌ను సరిగ్గా వాడడం ఎలా?

ఇది గాలిలోని తేమతో గట్టిపడుతుంది. కాబట్టి సందులోని దుమ్ము దులిపి, నీళ్లు సన్నగా చిలకరించాలి. పొడి గోడ మీద చిమ్మితే సరిగా అంటుకోదు, లోపల పచ్చిగా మిగులుతుంది. డబ్బాను అర నిమిషం బాగా కుదిపి, తలకిందులుగా పట్టుకుని, సందు అడుగునుంచి పైకి చిమ్ముకుంటూ రావాలి. సందులో సగం వరకే నింపాలి. మిగతా సగాన్ని అదే ఉబ్బి నింపుకుంటుంది.

ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోకండి. మా ఇంట్లో ఒక ద్వారబంధానికీ గోడకూ మధ్య వేలు పట్టేంత సందు ఉండేది. బాగా ఉబ్బే రకం ఫోమ్‌తో దాన్ని నిండా నింపాను. పనైపోయినప్పుడు చూడడానికి చక్కగానే ఉంది. మర్నాడు పొద్దున తలుపు సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. పై మూల నుంచి కింది మూలకు దారం లాగి పట్టి చూస్తే, నిలువు కమ్మీ నడుమ భాగం 3 మిల్లీమీటర్లు లోపలికి వంగి ఉంది. రెండు చివర్లూ మేకులతో గోడకు బిగిసి ఉన్నాయి కాబట్టి కదలలేదు, నడుమ ఆసరా లేదు కాబట్టి ఫోమ్ తోసేసింది. గట్టిపడిన ఫోమ్‌నంతా సన్నటి రంపపు బ్లేడుతో కోసి తీసి, కమ్మీలకు అడ్డంగా చెక్క పుల్లలు బిగించి, ఈసారి తక్కువ ఉబ్బే రకాన్ని పలుచగా రెండు విడతలుగా నింపాను.

తలుపులకు, కిటికీలకు ఎప్పుడూ "తక్కువ వ్యాకోచం" అని రాసి ఉన్న డబ్బానే కొనండి. ఫోమ్ పూర్తిగా గట్టిపడేదాకా చట్రానికి అడ్డుపుల్లలు తీయకండి. గంట, గంటన్నర గడిచాక పైకి పొంగినదాన్ని కోయవచ్చు. లోపలిదాకా గట్టిపడడానికి ఒక రోజు వదిలేయడం మంచిది. చాలా వెడల్పు సందులైతే ముందు పలక ముక్కను కోసి దూర్చి, దాని చుట్టూ మాత్రమే ఫోమ్ చిమ్మాలి.

డబ్బాలో ఫోమ్‌ను బయటికి తోసే వాయువులు చాలావాటిలో మండే స్వభావం కలవి. పని చేస్తున్నంతసేపూ గదిలో పొయ్యి, దీపం, హీటరు ఏదీ వెలగకూడదు. కిటికీలు తెరిచి ఉండాలి.

బయట చిమ్మిన ఫోమ్ పసుపు రంగుకు తిరిగి పొడిపొడిగా రాలుతోంది. నకిలీ సరుకా?

కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పాలియురేథేన్ ఎక్కడైనా అలాగే అవుతుంది. రాలే పొరను గీకేసి, సిమెంటు పూతతోనో పెయింటుతోనో కప్పండి. పలకలకూ ఇదే వర్తిస్తుంది. ఎక్స్‌పీఎస్‌ను వారాల తరబడి ఎండలో ఆరుబయట పడేస్తే పైపొర పొడి రాలుతుంది, ఆ పొడి మీద జిగురు నిలవదు.

పైకప్పుకు పైన వేయాలా, లోపలా?

వీలుంటే పైనే. కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండకు కాగి, రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఫోమ్ పైన ఉంటే శ్లాబు అంతగా కాగదు. కింద వేస్తే గది కొంత చల్లబడుతుంది కానీ, శ్లాబు మాత్రం ఎప్పటిలా కాగి సాగుతూ, చల్లారి ముడుచుకుంటూ ఉంటుంది. పగుళ్లు, వాటి వెంట కారే నీళ్లు అలాగే కొనసాగుతాయి.

పైన వేసే పద్ధతుల్లో నాకు నచ్చినది, ముందు నీరు దిగని పూత వేసి, దాని మీద ఎక్స్‌పీఎస్ పలకలు పరిచి, వాటి మీద గులకరాళ్లో పలుచని కాంక్రీటు బిళ్లలో బరువుగా పెట్టడం. ఇందులో పూత ఎండకూ దెబ్బలకూ దూరంగా ఫోమ్ కింద క్షేమంగా ఉంటుంది. ఇక్కడ థర్మోకోల్ వాడితే ఏళ్లు గడిచేకొద్దీ నీరు పీల్చుకుని పనికిరాకుండా పోతుంది. పై బరువును శ్లాబు మోయగలదా, నీరు పోయే వాలు సరిగ్గా ఉందా అన్నది పని మొదలుపెట్టకముందే ఇంజనీరుతో చూపించుకోవాలి. పలకలను గాలికి వదిలేయకూడదు. బరువు లేని పలక పెనుగాలికి ఎగిరిపోతుంది.

పలకలను గోడకు ఏ జిగురుతో అతికించాలి?

డబ్బా మీద పాలిస్టైరీన్‌కు, అంటే థర్మోకోల్, ఎక్స్‌పీఎస్ తయారయ్యే ప్లాస్టిక్‌కు, పనికివస్తుందని రాసి ఉంటేనే కొనండి. ఘాటైన ద్రావకాలున్న చెక్క జిగుర్లు థర్మోకోల్‌ను, ఎక్స్‌పీఎస్‌ను కరిగించేస్తాయి. అనుమానం ఉంటే చిన్న ముక్క మీద ఒక చుక్క వేసి పదిహేను నిమిషాలు ఆగి చూడండి. గుంట పడితే ఆ జిగురు వద్దు. పాలియురేథేన్ జిగురు, సిమెంటు ఆధారిత జిగురు రెండూ నిశ్చింతగా వాడవచ్చు.

పూసే తీరు ఇంకా ముఖ్యం. పలక వెనక అక్కడక్కడ ముద్దలు పెట్టి గోడకు నొక్కేయడం నేను చాలాచోట్ల చూశాను. అలా చేస్తే పలకకూ గోడకూ మధ్య సన్నటి గాలి దారి మిగులుతుంది. చల్లటి గాలి అందులో తిరుగుతూ ఫోమ్‌ను ఉత్త అలంకారంగా మార్చేస్తుంది. పలక అంచుల చుట్టూ తెగకుండా ఒక వరస పూసి, నడుమ రెండు మూడు ముద్దలు పెట్టాలి. పలకలను ఇటుకల మాదిరి అతుకు మీద అతుకు రాకుండా పేర్చాలి. రెండు పొరలు వేసేటట్లయితే పై పొర అతుకులు కింది పొర అతుకుల మీద పడకూడదు.

కోయడానికి పదునైన కట్టరు చాలు. మందం మూడో వంతు లోతుకు గీసి, బల్ల అంచుమీద పెట్టి విరిస్తే ఎక్స్‌పీఎస్ గీత వెంటే విరుగుతుంది. వేడి తీగతో కోస్తే అంచు నునుపుగా వస్తుంది కానీ, అప్పుడు వచ్చే పొగను పీల్చకూడదు. ఆరుబయటే చేయాలి.

ఫోమ్ వేశాక గోడకు బూజు పట్టింది. ఎందుకు?

నీటి ఆవిరి చల్లటి తలం తగిలిన చోట నీరవుతుంది. చలి ఊళ్లలో గోడకు లోపలివైపు ఫోమ్ వేస్తే గోడ మునుపటికన్నా చల్లగా అవుతుంది. గదిలోని తేమగాలి అతుకుల్లోంచి వెనక్కి దూరి, ఆ చల్లటి గోడ మీద చెమ్మగా మారుతుంది. తేమగల వేడి ప్రాంతంలో ఏసీ నడిచే గదికి ఇదే తిరగబడుతుంది. బయటి తేమగాలి లోపలి చల్లటి పొరను చేరి అక్కడ చెమరుస్తుంది.

కాబట్టి అతుకులన్నిటి మీదా రేకు టేపు వేయాలి. ఆవిరి ఎటునుంచి వస్తుందో, ఎక్కువగా వెచ్చగా ఉండే ఆ వైపు ఆవిరిని ఆపే పొర ఉండాలి. రెండువైపులా ప్లాస్టిక్ పొరలు వేసి గోడను ఊపిరాడకుండా మూయకండి. నడుమ చిక్కిన తేమకు ఆరే దారి ఉండదు. ఇక పైకప్పు కారుతున్నా, నేల చెమ్మ గోడ ఎక్కుతున్నా అది నయమయ్యేదాకా ఫోమ్ తలపెట్టవద్దు. తడి గోడ మీద ఫోమ్ వేయడం పుండును కట్టుతో దాచడమే.

ఫోమ్ అంటుకుంటుందా?

అంటుకుంటుంది. నిప్పును ఆలస్యం చేసే మందులు కలిపినా, ఇవన్నీ మండే పదార్థాలే. థర్మోకోల్, ఎక్స్‌పీఎస్ వేడికి కరిగి బొట్లుగా కారుతాయి. పీఐఆర్ కరగదు, పైన బొగ్గు పొర కట్టి మంటను కొంత నిదానింపజేస్తుంది. కానీ పాలియురేథేన్ కుటుంబపు పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తోపాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. మనుషుల ప్రాణం తీసేది చాలావరకు ఆ పొగే.

2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది చనిపోయారు. మంట అంత వేగంగా పైకి పాకడానికి ప్రధాన కారణం పాలిథిలీన్ మధ్యపొర ఉన్న బయటి అల్యూమినియం పలకలని విచారణ తేల్చింది. వాటి వెనక ఉన్న ఫోమ్ ఇన్సులేషన్ కూడా మంటకు తోడైంది. ఇంటికి మెరుగులు దిద్దడానికి చేసిన పనే అక్కడ అంతమందిని బలి తీసుకుంది.

మన గదుల్లో పాటించాల్సింది ఒకటే. మనుషులు మసలే చోట ఫోమ్ బయటికి కనబడకూడదు. కనీసం 12.5 మి.మీ. జిప్సం బోర్డో, తగినంత మందం ప్లాస్టరింగో దాన్ని కప్పాలి. పొగగొట్టాలకు, సీలింగులో దిగవేసిన దీపాలకు ఫోమ్ తగలనీయకండి.

కరెంటు తీగల మీదుగా వేయవచ్చా?

పీవీసీ తొడుగున్న తీగలు థర్మోకోల్‌కు, ఎక్స్‌పీఎస్‌కు నేరుగా తగిలి ఉంటే, తొడుగును మెత్తగా ఉంచే పదార్థం కాలక్రమంలో ఫోమ్‌లోకి జారిపోతుంది. తొడుగు పెళుసెక్కి పగులుతుంది. తీగలను గొట్టంలోంచి పోనివ్వాలి. ఇంకొకటి, ఫోమ్‌లో పూడుకున్న తీగకు తన వేడిని వదిలే దారి ఉండదు. ఏసీ, గీజరు లాంటి బరువైన తీగలుంటే ఎలక్ట్రీషియన్‌ను అడగకుండా కప్పకండి.

గోడలకు స్ప్రే ఫోమ్ నేనే కొట్టుకోవచ్చా?

వద్దు. చేతి డబ్బా సంగతి వేరు, రెండు ద్రవాలు కలిసి చిమ్మే పెద్ద యంత్రం సంగతి వేరు. అందులో ఒక ద్రవం ఐసోసయనేట్. దాని ఆవిరి, తుంపరలు ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే, ఆ తర్వాత ఎంత కొద్దిగా తగిలినా ఉబ్బసం రావచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఆగస్టు 24 నుంచి ఇలాంటి సరుకు వాడే పనివాళ్లకు శిక్షణ తప్పనిసరి చేశారు.

పాళ్లు తప్పినా ప్రమాదమే. సరిగా కలవని ఫోమ్ పెళుసుగా అవుతుంది, లేదా నెలల తరబడి చేపల వాసన లాంటిది వదలదు. అప్పుడు గీకి తీయడం తప్ప దారి లేదు. ఒకేసారి మందంగా చిమ్మితే రసాయన చర్య వేడికి నడుమ మాడిపోతుంది, నిప్పు రాజుకున్న సందర్భాలూ ఉన్నాయి. చేయించేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ఒక్కో పొర ఎంత మందం చిమ్ముతారు, ఇంట్లోకి ఎన్ని గంటల తర్వాత రానిస్తారు? మూసిన గదుల రకమైతే పొరకు సాధారణంగా 50 మి.మీ. దాటకూడదు. తిరిగి ఇంట్లోకి రావడానికి తయారీదారు చెప్పిన గడువు, మామూలుగా ఒక రోజు, ఆగాల్సిందే. "పర్వాలేదు, సాయంత్రానికే వచ్చేయండి" అనే పనివాడికి పని ఇవ్వకండి.

ఇల్లు బిగుతుగా మూసేస్తే లోపలి గాలి సంగతి?

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. సందుల్లోంచి వచ్చే గాలి ఎప్పుడు, ఎంత రావాలో మన చేతిలో ఉండదు. వాటిని మూశాక వంటగదికి, స్నానాల గదికి గాలి తోసే ఫ్యాన్లు, గదులకు తాజా గాలి వచ్చే దారి మనమే ఏర్పాటు చేయాలి. గ్యాసు గీజరు, కట్టెల పొయ్యి లాంటివి లోపల ఉంటే వాటికి గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ గదిలోనే మిగిలిపోతుంది. దానికి వాసన ఉండదు. ఆ ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టకుండా సందులు మూయకండి.

చెదలు, ఎలుకలు ఫోమ్‌ను తింటాయా?

ఆహారంగా తినవు. కానీ చెదలు దానిలో సులువుగా సొరంగాలు చేసుకుంటాయి, ఎలుకలు గూడు కోసం కొరుకుతాయి. నేలకు ఆనుకుని ఉన్న ఫోమ్ వెనక చెదలు పైకి పాకుతుంటే మన కంటికి కనబడవు. అందుకే నేల దగ్గర ఒక పట్టీ మేర గోడను ఖాళీగా వదిలి, అప్పుడప్పుడు టార్చి వేసి చూసుకోవాలి. ఎలుక కన్నాలను ఇనుప జాలీ దూర్చి, ఆపైన ఫోమ్‌తో మూయండి.

పక్కింటి శబ్దాలు తగ్గుతాయా?

సందులు మూసినంత మేర తగ్గుతాయి. అంతకుమించి ఆశించవద్దు. శబ్దాన్ని ఆపేది బరువు, ఫోమ్‌కు బరువు లేదు. దానికి రాతి ఉన్ని, రెండు పొరల జిప్సం బోర్డు వాడండి.

పర్యావరణానికి చేటు కాదా?

ఒకప్పుడు ఫోమ్ ఉబ్బించడానికి వాడిన సీఎఫ్‌సీ వాయువులు ఓజోన్ పొరను దెబ్బతీశాయి. 1987 మాంట్రియల్ ఒప్పందంతో అవి క్రమంగా పోయాయి. వాటి స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్‌ను ముట్టుకోకపోయినా భూమిని బాగా వేడెక్కిస్తాయి. 2016 కిగాలీ సవరణతో వాటినీ తగ్గిస్తున్నారు. కొనేటప్పుడు ఏ వాయువుతో ఉబ్బించారో అడగండి. హెచ్‌ఎఫ్‌ఓ, పెంటేన్, బొగ్గుపులుసు వాయువు వాడినవి నయం. తొలగించిన పాత పలకలను తగలబెట్టకండి. వాటిలో నిప్పును ఆలస్యం చేసే హెచ్‌బీసీడీ అనే మందు ఉండే అవకాశం ఎక్కువ. 2013లో స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని నిర్మూలించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది.

చేతికి అంటుకున్న ఫోమ్‌ను ఎలా వదిలించాలి?

పచ్చిగా ఉన్నప్పుడే పొడి గుడ్డతో తుడిచేయాలి. నీళ్లు పోయకండి, తేమ తగిలితే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. తుడిచాక మిగిలిన జిగటకు వంటనూనె రాసి రుద్ది, సబ్బుతో కడగండి. ఒకసారి గట్టిపడ్డాక అసిటోన్‌తో సహా ఏదీ దాన్ని కరిగించదు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్దితే కొద్దికొద్దిగా పోతుంది. మిగిలిన మరక రెండు మూడు రోజుల్లో చర్మపు పైపొరతోపాటే రాలిపోతుంది. కంట్లో పడితే మాత్రం రుద్దకుండా, ధారగా నీళ్లు పోస్తూ పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లండి. నైట్రైల్ చేతొడుగులు, కళ్లద్దాలు డబ్బాతోపాటే కొని పెట్టుకోండి.